బాటిల్‌ని మొయ్యడం వేరు, తిరగకుండా ఆపడం వేరు

"ఏం బిడ్డా, ఇది పిల్ల గ్యాసు బండనా?" అన్నాడు నాన్న.

మౌలాలిలో మా ఇంటి హాలు. చాప మీద నా బ్యాక్‌ప్లేట్, అంటే డైవింగ్ సిలిండర్లను వీపు మీద మోసే పలక, బోర్లా పడుకుని ఉంది. దాని పక్కన లీటరున్నర అల్యూమినియం బాటిల్, రెండు పట్టీలు, సాగే తాడు ముక్క, పాత తువ్వాలు. పొద్దుటి నుంచి ఆ బాటిల్‌ని ప్లేటుకు కడుతున్నాను, విప్పుతున్నాను, మళ్ళీ కడుతున్నాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. టీ గ్లాసు పట్టుకుని వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ ఒక్క మాట అడిగాక పది నిమిషాలు నోరు విప్పలేదు. నాన్న మాట్లాడకుండా చూస్తున్నాడంటే ఎక్కడో తప్పు కనబడిందని అర్థం.

అది గ్యాసు బండ కాదు కానీ దాని జాతిదే. స్కూబా డైవింగ్‌లో చల్లటి నీళ్ళకు వేసుకునే డ్రైసూట్‌లోకి గాలి పంపే చిన్న బాటిల్. వీపు మీద ఉండే పెద్ద సిలిండర్లతో దీనికి సంబంధం లేదు. దీన్నుంచి ఊపిరి పీల్చుకోము. ఇది ఒంటి చుట్టూ ఉన్న సూట్‌కి మాత్రమే.

హైదరాబాదులో సముద్రం లేదు, చలి లేదు, డ్రైసూట్ ఎందుకని అందరూ అడుగుతారు. నిజమే. విశాఖలోనో అండమాన్‌లోనో దిగితే పల్చటి వెట్‌సూట్ చాలు. నేను డ్రైసూట్ నేర్చుకున్నది ఫిన్లాండ్‌లో. ఆఫీసు పని మీద రెండేళ్ళు ఎస్పూలో ఉన్నాను. అక్కడికి దగ్గర్లోనే లోహ్యా అనే ఊళ్ళో ఓజమో గని ఉంది. 1960లలో తవ్వకం ఆపేసిన సున్నపురాయి గని. ఇప్పుడది నిండా నీళ్ళు. పైన చెరువులా కనిపిస్తుంది, దిగితే సొరంగాలు మొదలవుతాయి. మన తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే కదా, మొదటిసారి లైటు వేసి ఆ గోడలు చూసినప్పుడు నాకు అమ్మమ్మ వాళ్ళింటి అరుగు గుర్తొచ్చింది. నీళ్ళు మాత్రం అరుగంత చల్లగా ఉండవు, ప్రాణం తీసేంత చల్లగా ఉంటాయి. మంచినీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అందుకే ఆ చల్లటి నీళ్ళు అడుక్కు చేరి అక్కడే ఉండిపోతాయి. పైన ఎండాకాలమైనా అడుగున చలికాలమే.

డ్రైసూట్ లోపలికి నీళ్ళు రావు. కానీ వెచ్చగా ఉంచేది సూట్ గుడ్డ కాదు, దాని లోపల ఉన్న గాలి. లోపల దళసరి బట్టలు వేసుకుంటాం, ఆ బట్టల పొరల్లో గాలి నిలబడి ఉంటేనే వెచ్చదనం. లోతుకు వెళ్ళేకొద్దీ ఆ గాలి నలిగిపోతుంది. నీటి మీద ఒత్తిడి 1 బార్. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 40 దగ్గర 5. పైన 10 లీటర్లున్న గాలి 40 మీటర్లకు వెళ్ళేసరికి 2 లీటర్లే. మిగతా చోటంతా సూట్ ఒంటికి అతుక్కుని, మడతపడి, చర్మాన్ని గిల్లుతుంది. దాన్నే స్క్వీజ్ అంటారు. అందుకే దిగుతూ ఉండగా ఛాతీ మీదున్న వాల్వ్ బటన్ నొక్కి కొంచెం కొంచెంగా గాలి కలుపుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది, ఎడమ భుజం మీదున్న వాల్వ్‌లోంచి వదిలెయ్యాలి.

మామూలు డైవింగ్‌లో ఆ గాలిని పెద్ద సిలిండర్ నుంచే తీసుకుంటారు, ఒక హోస్ చాలు. టెక్నికల్ డైవింగ్‌లో లోతు ఎక్కువైనప్పుడు వీపు మీద ట్రైమిక్స్ ఉంటుంది, అంటే హీలియం కలిసిన గ్యాస్. లోతులో ఎక్కే మత్తు తగ్గడానికి, పీల్చుకోవడం తేలిక కావడానికి హీలియం. కానీ హీలియం గాలికంటే దాదాపు ఆరు రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. దాన్ని సూట్‌లోకి పంపడమంటే చలికాలంలో స్వెట్టర్ తడిపి వేసుకోవడమే. అందుకే సూట్‌కి వేరే బాటిల్.

లెక్క పెద్దదేం కాదు. సూట్‌లో ఎప్పుడూ 10 లీటర్ల చోటు నిండి ఉండాలనుకుంటే 40 మీటర్లకు దిగేటప్పుడు కలపాల్సింది 40 లీటర్లు. మధ్యలో ఎక్కుతూ దిగుతూ ఉంటే మరికొంత. లీటరున్నర బాటిల్‌లో 200 బార్ నింపితే 300 లీటర్లు. ఒక రోజు రెండు డైవ్‌లకు దిగులు లేదు.

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మల్ల పోయినసారి ఏమైంది?" అని అడిగాడు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను గానీ పూర్తిగా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను, ఇక్కడ కూడా చెప్తాను.

ట్రైమిక్స్ కోర్సులో రెండో రోజు అది. బాటిల్ బిగించుకుంది నేనే, ముందురోజు రాత్రి గదిలో కూర్చుని. ప్లేటుకు ఎడమ పక్కన, వాల్వ్ కిందికి వచ్చేలా. రెండు నైలాన్ పట్టీలు, లాగి లాగి బిగించాను. చేత్తో కదిపి చూస్తే కదల్లేదు. పొద్దున నీళ్ళ ఒడ్డున అన్నీ సరిచూసుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు ఛాతీ బటన్ నొక్కాను, బుస్సుమని గాలి వచ్చింది. తరువాత ఫిన్స్ వేసుకోవడానికి చెక్క బెంచీ మీద కూర్చున్నాను. జంట సిలిండర్ల బరువుతో కూర్చోవడమంటే మెల్లగా కూర్చోవడం ఉండదు, ఒక్కసారి పడడమే. వెనకాల ఏదో టక్కుమంది. సిలిండర్ అడుగు బెంచీకి తగిలిందనుకున్నాను.

6 మీటర్ల దగ్గర బటన్ నొక్కితే గాలి వచ్చింది. 9 దగ్గర నీరసంగా కొంచెం వచ్చింది. ఆ తరువాత నొక్కితే బటన్ వెనక్కి వచ్చిన టిక్కు తప్ప ఇంకేం లేదు. మరో రెండు మూడు సార్లు నొక్కాను, చేతికి నమ్మకం కుదరలేదు. ఈలోగా 14 మీటర్లు. తొడల మీద సూట్ మడతలు తాళ్ళలా బిగుసుకున్నాయి. మునిగిపోతానన్న భయం లేదు, తేలడానికి వీపు మీద వింగ్ అనే గాలి సంచి ఉంది, దానికి గాలి వీపు సిలిండర్ నుంచి వస్తుంది. అక్కడికే ఆగాను. కానీ ఊపిరి పొట్ట నిండా తీసుకోలేకపోతున్నాను, ఎవరో రెండు చేతులతో నడుముని పిండుతున్నట్టుంది. ఎడమ చెయ్యి వెనక్కి పోనిచ్చి వాల్వ్ నాబ్ కోసం వెతికాను. నున్నటి లోహం తగిలింది, నాబ్ తగల్లేదు. డ్రై గ్లవ్స్‌లో వేళ్ళకు స్పర్శ సగమే. పైకి వెతికాను, కిందికి వెతికాను. అది ఉండాల్సిన చోట లేదు.

నా బడ్డీ, అంటే జంటగా దిగిన డైవర్, వచ్చి లైటు వేసి చూశాడు. అతని చెయ్యి నా నడుము వెనకాల ఏదో తిప్పింది. హోస్ చిన్నగా అదిరినట్టయింది. బటన్ నొక్కితే గాలి! బొటనవేలు పైకెత్తాడు, అంటే ఇక డైవ్ అయిపోయింది, పైకి పోదామని. నేను కూడా ఎత్తాను. ఒడ్డుకు వచ్చి సూట్ విప్పితే రెండు తొడల మీదా, చంకల కిందా ఎర్రటి గీతలు. వారం రోజులు ఉన్నాయి.

జరిగిందేమిటంటే, వాల్వ్‌ని నేను పూర్తిగా తెరవలేదు, అర చుట్టు తిప్పి వదిలేశాను. బెంచీ మీద కూర్చున్నప్పుడు నాబ్ చెక్కకు రాసుకుని మూసుకుంది. హోస్‌లో మిగిలిన ఒత్తిడితోనే 9 మీటర్ల దాకా గాలి వచ్చింది. అదే దెబ్బకు బాటిల్ పట్టీల్లోనే పావు చుట్టు తిరిగిపోయి, బయటి వైపు ఉండాల్సిన నాబ్ వింగ్ వైపుకు దాక్కుంది. పట్టీలు రాత్రి పొడిగా బిగించినవి. నైలాన్ తడిస్తే కొంచెం సాగుతుంది. రాత్రి గదిలో ఇనుములా ఉన్న బిగువు నీళ్ళలో లేదు. తప్పు నాదే. ఎవరూ కట్టివ్వలేదు, నేనే కట్టుకున్నాను.

నాన్న అంతా విన్నాడు. లేచి వచ్చి చాప మీద కూర్చుని, మోకాళ్ళు పట్టేసినా పట్టించుకోకుండా, బాటిల్ మెడ పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. నేను అరగంట బిగించిన బాటిల్ గిర్రున తిరిగింది.

"కోచ్ కింద గాలి ట్యాంకులు ఉంటయి, బ్రేకులకు. పట్టీలు వాటిని మోస్తయి. కని తిరగకుండ పట్టీ ఆపలేదు బిడ్డా. అది తిరిగితె పైపు జాయింటు పోతది. మొయ్యనీకె ఒకటి పెట్టాలె, తిరగకుండ ఆపనీకె ఇంకొకటి పెట్టాలె. రెండు పనులు ఒకదానికే జెప్తె రెండూ చెయ్యదు."

నేను ఆరు నెలలుగా పట్టీల గురించే ఆలోచిస్తున్నాను. ఇంకా వెడల్పు పట్టీ, ఇంకా గట్టి బకిల్, మూడో పట్టీ. బాటిల్ జారడం, తిరగడం అనేవి రెండు వేరు వేరు సమస్యలని నాకు తట్టనే లేదు. డైవర్లు బాటిల్ మెడకి బంజీ, అంటే సాగే తాడు, వేస్తారని తెలుసు, నా దగ్గరా ఆ తాడు ఉంది. కానీ అది బాటిల్ ఊగకుండా ఉండడానికేననుకుని పేరుకి ఒక ముడి వేసి వదిలేశాను. దాని అసలు పని తిరగకుండా పట్టుకోవడం.

ఆ వారం మేమిద్దరం చేసింది రాస్తాను. ఇదే సరైన పద్ధతి అని చెప్పడం లేదు, నా ఒంటికి, నా ప్లేటుకి కుదిరింది ఇది.

ముందు పట్టీలు. రాణీగంజ్ వెళ్ళాం. నాన్నకు అక్కడ ప్రతి సందూ తెలుసు. ఒక షాపులో స్టీల్ జూబిలీ క్లిప్పులు, అంటే స్క్రూతో బిగించే లోహపు పట్టీలు, చూపించి "ఇదైతె జన్మల కదలది" అన్నాడు. నిజమే, కొందరు డైవర్లు బాటిల్‌ని క్లిప్పులతో ఎడమ సిలిండర్‌కే బిగించేస్తారు. నాకు ఇష్టం లేదు. స్క్రూడ్రైవర్ లేనిదే ఊడని వస్తువు నా వీపు మీద వద్దు. అదీ కాక అల్యూమినియం మీద స్టీల్ ఉప్పునీళ్ళలో నానితే తినేస్తుంది. పట్టీలే తీసుకున్నాం, రెండంగుళాల వెడల్పువి, బ్యాక్‌ప్లేట్ అంచున ఉండే గాడుల్లోకి సరిగ్గా దూరేవి. సికింద్రాబాదులో బ్యాగులు కుట్టే ఆయన దగ్గర కొసలు మడిచి కుట్టించాను. "నవారు మంచానికా మేడమ్?" అని అడిగాడు. చూస్తే నవారు లాగే ఉంది మరి.

ఈ పట్టీలను బకెట్లో రాత్రంతా నానబెట్టి, తడిగానే బిగించాం. పావుగంట ఆగి మళ్ళీ లాగితే ఇంకో గాడి లోపలికి వచ్చింది. ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి, ఒకటి బాటిల్ భుజం దగ్గర, ఒకటి అడుగు దగ్గర. రెండూ మధ్యలోకి వస్తే బాటిల్ తక్కెడ కాడలా ఊగుతుంది. ఇంకో సంగతి, పట్టీ వింగ్ చుట్టూ పోకూడదు. ప్లేటు గాడిలోంచి బాటిల్ మీదికి వచ్చి మళ్ళీ ప్లేటులోకే పోవాలి. వింగ్‌ని పట్టీ పట్టేస్తే అది పూర్తిగా ఉబ్బలేదు, దాని అవసరం నిజంగా పడిన రోజున తేలలేము. నేను నోటితో ఊది వింగ్ నిండా గాలి నింపి, బాటిల్‌కీ దానికీ మధ్య వేలు దూరుతుందో లేదో చూసుకున్నాను.

తరువాత రబ్బరు. మా వీధి చివర పంచరు షాపులో లారీ ట్యూబు ముక్క అడిగి తెచ్చాడు నాన్న. గుండ్రంగా రెండు రింగులు కోసి బాటిల్‌కి తొడిగాడు, పట్టీలు సరిగ్గా ఆ రబ్బరు మీద పడేలా. నున్నటి అల్యూమినియం మీద తడి నైలాన్ జారుతుంది, రబ్బరు మీద జారదు. చేత్తో మెలితిప్పి చూస్తే ఈసారి బాటిల్‌తో పాటు ప్లేటు కూడా కదిలింది. నాన్న తల ఊపాడు.

ఇక మెడ దగ్గర బంజీ. ఇంతకుముందు ప్లేటులో ఒకే రంధ్రంలోంచి మెడ చుట్టూ వేసేదాన్ని. ఇప్పుడు రెండు రంధ్రాల నుంచి రెండు వైపులా లాగేలా వేశాం. ఒక కొస బాటిల్‌ని ప్లేటు వైపు లాగుతుంది, రెండో కొస ఫస్ట్ స్టేజ్ (వాల్వ్‌కి బిగించి, బాటిల్ ఒత్తిడిని తగ్గించి హోస్‌లోకి పంపే భాగం) కింద నుంచి వచ్చి అది లోపలికి తిరగబోతే బయటికి గుంజుతుంది. ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుంటే పిల్లాడు ఎటూ పరుగెత్తలేనట్టు. నాబ్ బయటికి, కొంచెం ముందుకి చూస్తూ నిలబడింది.

వాల్వ్ పైకా, కిందికా అన్నది డైవర్లలో తెగని వాదన. పైకి పెడితే ఫస్ట్ స్టేజ్ చంక కింద ఉంటుంది, హోస్ పొట్టిది చాలు, ఎక్కడా గుద్దుకోదు. నా ట్రైనర్ అలాగే పెడతాడు, ఆయన చెయ్యి అంత వెనక్కి సులువుగా వెళ్తుంది. బెంచీ దెబ్బ తిన్నాక నేనూ పైకి మార్చేద్దామనుకున్నాను. నాన్న మళ్ళీ ఒక్క ప్రశ్న అడిగాడు: "కండ్లు మూసుకుంటె నీ చెయ్యి ఏడికి పోతది?"

లోపలి దళసరి బట్టలు, సూట్, గ్లవ్స్ అన్నీ వేసుకుని, హార్నెస్ (ప్లేటుకున్న భుజం, నడుము పట్టీలు) తగిలించుకుని, కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి వదిలేశాను. నడుము పక్కకే పోయింది. చంక వెనక్కి తీసుకెళ్ళాలంటే భుజం తిప్పాలి, సూట్ గుడ్డ అడ్డం వస్తుంది, రెండు ప్రయత్నాలు పట్టింది. కిందికే ఉంచాను. కానీ ఎత్తు మార్చాను. హార్నెస్‌తో కుర్చీలో కూర్చుంటే నాబ్ అడుగుకీ కుర్చీ పీటకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. ముందు రెండు వేళ్ళే పట్టేవి. అమ్మ వచ్చి నాలుగు వేళ్ళు పెట్టి కొలిచింది. నేను వెనక్కి చూసుకోలేను కదా.

ఎత్తినకొద్దీ ఇంకో తగువు వస్తుంది. మరీ పైకి పోతే మోచెయ్యి కొట్టుకుంటుంది, స్టేజ్ బాటిల్ తగిలించే చోటికి అడ్డం వస్తుంది. స్టేజ్ బాటిల్ అంటే డీకంప్రెషన్ గ్యాస్, అంటే పైకి వచ్చేటప్పుడు ఆగి ఆగి పీల్చుకునే గ్యాస్, ఉన్న బాటిల్. మేము దాన్ని ఎడమ పక్కనే, ఛాతీ డి-రింగ్‌కీ నడుము డి-రింగ్‌కీ తగిలిస్తాం. దాని కింద నుంచే డ్రైసూట్ హోస్ ఛాతీకి రావాలి, మీద నుంచి వస్తే బాటిల్ తీసి ఇచ్చేటప్పుడు చిక్కుకుంటుంది. వాల్వ్ కింద ఉంది కాబట్టి నా హోస్ కొంచెం పొడుగు. అది బాటిల్ వెంట పైకి వచ్చి, రబ్బరు రింగులోంచి దూరి, చంక కింద నుంచి ఛాతీకి చేరుతుంది. ఆ రింగు కూడా లారీ ట్యూబుదే. కుడి నడుముకి లైటు బ్యాటరీ డబ్బా ఉంటుంది కాబట్టి ఎడమ బరువు దానితో సరిపోతుంది, అందుకు నేనేం చెయ్యలేదు.

హోస్ ఊడదీయడం కూడా సాధన చెయ్యాలి. చల్లటి నీళ్ళలో ఎక్కువసేపు బటన్ నొక్కి పట్టుకుంటే గ్యాస్ విప్పారేటప్పటి చల్లదనానికి వాల్వ్ మంచు పట్టి తెరిచే ఉండిపోవచ్చు. అప్పుడు సూట్ దానంతట అది ఉబ్బి మనిషిని పైకి ఎత్తుకుపోతుంది. వెంటనే ఛాతీ దగ్గర హోస్ లాగెయ్యాలి, భుజం వాల్వ్ తెరవాలి. అందుకే ఎప్పుడూ చిన్న చిన్న నొక్కులే. హోస్ ఎంత బిగుతుగా రావాలంటే ఊగకూడదు, లాగితే ఊడి రావాలి.

"ఇంత కష్టపడుతున్నవు, దాంట్లె ఆర్గాన్ నింపు. బాలానగర్‌ల వెల్డింగోళ్ళ దగ్గర దొరుకుతది గదా" అన్నాడు నాన్న. టిగ్ వెల్డింగ్‌కి వాడే అదే ఆర్గాన్. డైవర్లూ వాడతారు. గాలి పంపే వేడిలో మూడింట రెండు వంతులే ఆర్గాన్ గుండా పోతుంది, అందుకని. కానీ సూట్‌లో ముందే ఉన్న గాలిని రెండు మూడు సార్లు నింపి వదిలి కడిగెయ్యకపోతే ఆ లాభం రాదు. 2001లో నార్వే పరిశోధకులు చల్లటి నీళ్ళలో డైవర్ల మీద పరీక్షించి, గాలికీ ఆర్గాన్‌కీ తేడా కనబడలేదని రాశారు. నా నమ్మకం, ఆ డబ్బు మంచి లోపలి బట్టల మీద పెట్టడం మేలు. అన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటి. ఆర్గాన్‌లో ప్రాణవాయువు లేదు. పొరపాటున ఎవరైనా దాన్ని పీలిస్తే ఊపిరాడట్లేదని తెలిసేలోపే స్పృహ పోతుంది. అందుకే ఈ బాటిల్‌కి నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ ఎప్పటికీ తగిలించరు, ఫస్ట్ స్టేజ్ ఒక్కటే. నేను గాలే నింపిస్తాను. గాలే అయినా బాటిల్ మీద "సూట్ గ్యాస్ – పీల్చకూడదు" అన్న అర్థంలో ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు అంటించాను, కింద తెలుగులో కూడా రాశాను.

నోటి రెగ్యులేటర్ లేకపోవడం వల్ల ఇంకో జాగ్రత్త. మామూలు సెట్‌లో ఫస్ట్ స్టేజ్ పాడై ఒత్తిడి పెరిగిపోతే అది నోటి రెగ్యులేటర్‌లోంచి బుసబుసమని కారిపోతుంది. ఇక్కడ ఆ దారి లేదు, హోస్ పగిలిపోతుంది. కాబట్టి ఫస్ట్ స్టేజ్‌కి ఒత్తిడి వదిలే చిన్న వాల్వ్ తప్పనిసరిగా బిగించాలి. ప్రెషర్ కుక్కర్ మూతకున్న సేఫ్టీ వాల్వ్ లాంటిదే. ఈ మాట వినగానే అమ్మ, "అది లేకుండా ఎట్ల అమ్ముతరు?" అంది. అమ్ముతారు. విడిగా కొనుక్కోవాలి.

బాటిల్‌ని ఇక్కడ నింపించలేదు. విదేశీ సిలిండర్ నింపాలంటే మన దగ్గర నాగపూర్‌లో ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలి, ఒక్క సాధన కోసం ఆ దారి వద్దనుకున్నాను. కొలతలకు ఖాళీ బాటిల్ చాలు. విమానంలో కూడా ఖాళీగానే, వాల్వ్ విప్పేసి, లోపల కనబడేలా తీసుకెళ్తాను. ఒక విమానాశ్రయంలో అరగంట నిలబెట్టి ఇదేమిటని అడిగారు. మూత తీసి లోపలికి టార్చి వేసి చూపించాను. అడగడం వాళ్ళ పని. టెన్షన్ పడకుండా సమయం ఎక్కువ పెట్టుకుని వెళ్ళడం నా పని.

సాధన అంతా మేడ మీద. ఏప్రిల్ నెలలో డ్రైసూట్ వేసుకోవాలంటే తెల్లవారుజామున ఐదుకి మించి వీలుకాదు. మౌలాలి గుట్ట వెనక వెలుగు వచ్చేలోపు ఇరవై సార్లు చెయ్యి వెనక్కి: నాబ్ పట్టుకో, మూయి, తెరువు, పూర్తిగా తెరువు. పూర్తిగా అన్నది పైకి అనుకుంటూ చేశాను, అర చుట్టు అలవాటు పోవాలి కదా. కళ్ళు మూసుకుని, తరువాత గ్లవ్స్ మీద నీళ్ళు పోసుకుని, తరువాత ఎడమ పక్కన ఖాళీ స్టేజ్ బాటిల్ తగిలించుకుని. నాన్న కుర్చీలో కూర్చుని లెక్కపెట్టేవాడు. మధ్యలో చెప్పకుండా వచ్చి బాటిల్‌ని మెలితిప్పి చూసేవాడు. ఎదురింటి పిల్లలు పిట్టగోడ మీద గడ్డాలు ఆనించి చూసేవాళ్ళు. దిగి వచ్చేసరికి సూట్ లోపల చెమటతో బట్టలు పిండేట్టుండేవి, అమ్మ చల్లలో ఉప్పేసి పెద్ద చెంబుతో ఇచ్చేది.

మొన్న సెప్టెంబరులో మళ్ళీ ఓజమో వెళ్ళాను. అదే ఒడ్డు, అదే చెక్క బెంచీ. పట్టీలు ముందురాత్రి స్నానాలగదిలో నానబెట్టి తడిగానే బిగించాను. ఫిన్స్ కోసం బెంచీ మీద కూర్చున్నాను, ఈసారీ అలాగే ఒక్కసారిగా. టక్కుమన్న చప్పుడు రాలేదు. అయినా లేచాక చెయ్యి వెనక్కి పోనిచ్చి నాబ్ పట్టుకుని, తెరిచే ఉందని చూసి, బటన్ మూడుసార్లు నొక్కాను. మూడుసార్లూ ఎందుకంటే మొదటి రెండింటినీ హోస్‌లో మిగిలిన గాలే ఇవ్వగలదు.

14 మీటర్ల దగ్గర గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. నొక్కాను, వచ్చింది. 20. 28. సొరంగం నోటి దగ్గర ఆగి, బడ్డీకి సైగ చేసి, ఎడమ చెయ్యి వదిలేశాను. నడుము పక్కన, బయటికి, కొంచెం ముందుకి. మేడ మీద ఉన్నచోటే ఉంది.

సాయంత్రం వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి అయిపోయింది, నాన్న ఇంకా పడుకోలేదు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"తిరిగిందా?"

"తిరగలేదు నాన్నా."

"రబ్బరు చూపెట్టు" అన్నాడు. ఫోన్ బాటిల్ దగ్గరికి తీసుకెళ్ళాను.